సీతాఫలం చుట్టాలు

జూన్ 8, ఆదివారం
బాలానగర్ వైపు గట్ల మీద సీతాఫలం చెట్లు పూతమీదున్నాయి. ఆకుపచ్చ పువ్వు, తలకిందులుగా వేలాడుతూ ఆకుల్లో కలిసిపోతుంది. ఒకటి తెంపి బ్లేడుతో నిలువునా కోశాను. చిన్న రక్షకపత్రాలు మూడు. దళసరి ఆకర్షణపత్రాలు మూడు. లోపలి వరసలోవి నలకలంత, ఉన్నా లేనట్టే. నడుమ చిన్న దిబ్బ. దాని చుట్టూ కిక్కిరిసిన కేసరాలు, నెత్తిన బోలెడన్ని ఫలదళాలు. అనోనేసి కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఈ ఒక్క కోత చాలు.

జూన్ 9
పొద్దున్నే మళ్లీ వెళ్లాను. నిన్న కాస్త విచ్చిన పువ్వు బాగా తెరుచుకుని పుప్పొడి రాలుస్తోంది. కీలాగ్రాల జిగట ఆరిపోయింది. ఇందులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, మగభాగం తర్వాత. అందుకే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరాలి. మోసేవి చిన్న పెంకుపురుగులు. అవి రాకపోతే పూత ఎంతున్నా కాయ నిలవదు. కొన్ని తోటల్లో బ్రష్‌తో పుప్పొడి అద్దేది అందుకే.

జూలై 6
కాలేజీ ప్రహరీ పక్కన నరమామిడి కింద నల్లటి కాయలు రాలాయి. అందరూ అశోక అనే నిటారు చెట్టు ఇదే. ఇదీ అనోనేసియే. పువ్వులోని ఫలదళాలు కలవకుండా, ఒక్కోటి ఒక్కో కాయై, కాడలతో గుత్తిగా వేలాడతాయి. సీతాఫలంలో అవే అతుక్కుని ఒకే పండవుతాయి. పైనున్న ఒక్కో బుడిపె ఒక్కో ఫలదళం. పాలియాల్తియాగా చదువుకున్న నరమామిడిని 2012లో మోనూన్ ప్రజాతికి మార్చారు. డీఎన్ఏ పోలికలే దానికి ఆధారం.

అక్టోబర్ 12
సీతాఫలం గింజ, నరమామిడి గింజ పక్కపక్కన కోసి లెన్స్ కింద పెట్టాను. రెండింట్లోనూ తెల్లటి అంకురచ్ఛదంలోకి గోధుమరంగు మడతలు చొచ్చుకుపోయాయి. కాయలు ఎంత వేరైనా లోపలి ముద్ర ఒకటే. వృక్షశాస్త్రజ్ఞుడు జుస్యూ 1789లో గుర్తించిన ఈ అనోనేసి కుటుంబంలో ఇప్పుడు 2,400కు పైగా జాతులు, 4 ఉపకుటుంబాలు. ఎక్కువభాగం ఉష్ణమండలానివే.

రేపటి ప్రాక్టికల్స్‌లో జాజికాయ కూడా కోయించాలి. కుటుంబం వేరైనా క్రమం ఇదే, మాగ్నోలియేల్స్. లోపల అవే మడతలు. మన సంపెంగదీ ఈ క్రమమే. సీతాఫలం గింజ పొడి కళ్లలో పడకుండా ముందే హెచ్చరించాలి. వర్గీకరణను పిల్లలు చార్టు చూసి బట్టీపట్టడం కాదు, తామే కోసి, పోల్చి, చుట్టరికం తేల్చుకోవాలి.