సరిచూచిన ప్రతి

తాలూకా కచేరీలో ముప్పది నాలుగేండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందిన మాకు సంగీతశాస్త్రమున ప్రవేశము లేదు. నకలు వ్రాయుట, దానిని అసలుతో సరిచూచుట, చివర పొడి అక్షరములతో సంతకము చేయుట: మా విద్య ఇంతమాత్రమే. అట్టి మేము జర్మను స్వరకర్త రాబర్ట్ షూమన్ పాటల పరిష్కరణమును గూర్చి వ్రాయబూనుట సాహసమని పాఠకమహాశయులు తలంపవచ్చును. కాని ఆ పరిష్కర్తల పని మా గుమాస్తా పనికి పెద్దన్న వంటిదని తెలిసినపుడు మాకు సంతోషమును, వెనువెంటనే సిగ్గును కలిగినవి. ఆ సంగతి విన్నవించెదము.

బెంగుళూరిలో పియానో అభ్యసించుచున్న మా మనుమరాలు సెలవులకు హోసూరు వచ్చినపుడు ఈ కథ వినిపించెను. షూమన్ 1810లో త్స్వికావు అను ఊర జన్మించెను. 1840లో, క్లారాను వివాహమాడిన యేటనే, నూరింటికి పైగా పాటలు కట్టెను. పియానో తోడుగా ఒక్క గొంతు పాడు ఈ పాటను అచ్చట ‘లీడ్’ అందురు. సాహిత్యము కవిది, స్వరము షూమనుది. హైనె కవి పద్యములకు ఆ మే, జూను మాసములలో ఆయన ఇరువది పాటలు కట్టెను. 1844లో లైప్సిగ్ నగరమున ‘డిష్టర్‌లీబె’, అనగా కవి ప్రణయము, అను పేర అవి అచ్చైనపుడు అందు పదునారే ఉండెను. విడిచిన నాల్గింటిలో రెండు 1854లోను, తక్కిన రెండు షూమన్ గతించిన పిమ్మట 1858లోను వేరు సంపుటములలో వెలువడినవి.

అసలు కృతి ఇరువదియా, పదునారా? వ్రాతప్రతి ఒకటి చెప్పును, అచ్చుప్రతి మరొకటి చెప్పును. రెండును ఆయన చేతి మీదుగా వచ్చినవే.

1856లో షూమన్ మరణించెను. స్వయముగా పియానో విదుషీమణియైన క్లారా, బ్రామ్స్ సాయముతో, 1881 మొదలు 1893 వరకు భర్త రచనలను సంపుటములుగా అచ్చువేయించెను. అది భక్తితో చేసిన పని. అయినను భక్తి వేరు, సరిచూపు వేరు. చివరి కాలపు రచనలు కొన్ని భర్త కీర్తికి తగవని ఆమె తలంచెను. 1853లో ఆయన సెల్లో వాద్యమునకు రచించిన ఐదు రోమాన్సులను నాశనము చేసెను. అవి ఇక దొరకవు.

1991 నుండి ద్యూసెల్‌డోర్ఫ్ పండితులు నూతన సమగ్ర పరిష్కరణమును వెలువరించుచున్నారు. వారి పద్ధతి విన్నపుడు మాకు కచేరీ జ్ఞప్తికి వచ్చినది. స్వరకర్త చిత్తుప్రతి, లేఖకుని శుద్ధప్రతి, మొదటి అచ్చు, స్వరకర్త తన యొద్ద ఉంచుకొన్న స్వంత ప్రతి, ఇవన్నియు ప్రక్కప్రక్కన పరచుకొందురు. ప్రధానప్రతిగా ఒకదానిని ఏర్పరచుకొని, తక్కినవానితో ప్రతి స్వరమును, ప్రతి గీతను, ప్రతి మాటను పోల్చుదురు. కవి ముద్రించిన మాటను షూమన్ మార్చినచో దానిని దిద్దరు. ఆ భేదమును నమోదు చేయుదురు. పరిష్కర్త స్వయముగా చేర్చినది ఏదైన ఉన్నచో అది తనదని తెలియునట్లు గుర్తు పెట్టును. భేదములన్నియు వేరుగా నివేదికయందు ఎక్కును. మన తాళపత్రముల పండితులకును పాఠాంతరమను మాట క్రొత్తది కాదు. బ్రౌను దొరగారు వ్రాతప్రతులను సేకరించి పండితులచే పోల్చించిన సంగతి అందరెరిగినదే.

ఇక మా సిగ్గు. మా తల్లిగారికి ఒక పాటల పుస్తకము ఉండెను. లాలిపాటలు, అప్పగింతల పాటలు, హారతులు ఆమె చేతివ్రాతతో అందుండెను. కొన్ని ఆమె అత్తగారు చెప్పగా వ్రాసికొన్నవి. కాగితము చివుకుచున్నదని మేము శుద్ధప్రతి వ్రాసితిమి. వ్రాయుచు, మెట్రిక్యులేషను చదివిన గర్వముతో, ‘తప్పులు’ దిద్దితిమి. ఆమె ‘యాడ’ అని వ్రాసినచోట ‘ఎక్కడ’ అని పెట్టితిమి. ‘ఒగ’ను ‘ఒక’ చేసితిమి. అర్థము కాని రెండు చరణములు వదలితిమి. పాత పుస్తకమును చిత్తుకాగితములతో పాటు కాటాకు వేసితిమి. కచేరీలో ఒక్క అక్షరము మారినను ఒప్పుకొనని వారము, ఇంటిలో అసలునే లేకుండ జేసితిమి.

తరువాత ఒక పెండ్లిలో మా అక్కగారు మా ప్రతి చూచి పాడబోయి, ఒకచోట ఆగిపోయెను. “తమ్ముడూ, ఇక్కడ తాళం తప్పుతా వుందిరా. అమ్మ పాడితే ఇట్లా లేదే” అనెను. అపుడు మేము నవ్వి ఊరకుంటిమి. మనుమరాలు షూమన్ సంగతి చెప్పిన రాత్రి వ్రేళ్లపై లెక్కించి చూచితిమి. ‘యాడ’ మూడు మాత్రలు, ‘ఎక్కడ’ నాలుగు. తప్పు అమ్మది కాదు.

అక్కగారికి ఇపుడు ఎనుబది యేండ్లు దాటినవి. మేము నోటుపుస్తకము పట్టుకొని ఆమె యొద్ద కూర్చుండుచున్నాము. ఆమె పాడినది ఒక ప్రక్క, పినతల్లి కూతురు పాడినది మరొక ప్రక్క వ్రాయుచున్నాము. రెండును కలియనిచోట కలుపుట లేదు. వదలిన రెండు చరణములలో ఒకటి దొరికినది. రెండవది అక్కగారికి రాగము మాత్రమే జ్ఞాపకమున్నది, మాటలు లేవు. ఆ చోటు ఖాళీగా ఉంచి, “గుమాస్తా దిద్దుబాటున పోయినది” అని ప్రక్కన వ్రాసి పొడి అక్షరములు వేసితిమి.

ఆంధ్రదేశమునకు దూరముగా తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో ఇట్టి పుస్తకములు ఇంకను కొన్ని పెట్టెల అడుగున ఉండవచ్చును. వానిలోని భాష పుస్తకములలోని తెలుగు వలె ఉండదు. ఉండనక్కరలేదు. నకలు తీయుడు, అసలు దాచుడు. దిద్దవలెనన్న కోరిక కలిగినచో, ముందు ఒకమారు పాడించి వినుడని మా మనవి.