ఐబ్ వెతికే నౌకరీ

హిందూపురంలో మా ఆపా కూతురు బీఎస్సీ చదువుతూనే బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అప్రెంటిస్‌గా చేస్తోంది. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలపడానికి యూజీసీ 2020లో మార్గదర్శకాలిచ్చింది. చదువూ ఆగదు, స్టైపెండూ వస్తుంది.

అయినా ఈద్ రోజు ఆపా ఫిక్ర్ ఆపాదే. "ఒకరి ఐబ్ కప్పాలని పిల్లకు తర్బియత్ ఇచ్చాను. ఇప్పుడు ఐబ్‌లు వెతకడమే నౌకరీ అంటోంది!"

విలేకరిగా ధర్మవరంలో తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. మగ్గం దిగిన పట్టుచీరను వెలుగులో పరిచి తెగిన పోగు కోసం చూసేవాళ్లు. "అది నేతగాడికి బేఇజ్జతీ కాదు ఆపా, కట్టుకునేవాళ్ల అమానత్" అన్నాను.

పిల్ల మెల్లగా నోరు విప్పింది. ఒక ఫారంలో ఇంటిపేరు రాయకపోతే ముందుకు పోవడం లేదట. పెనుకొండలో ఉన్న మా అమ్మీది ఆధార్‌లో ఒకే మాట పేరు. అది కొట్టి చూసింది, తప్పన్నది. "చిన్న విషయం, వదిలెయ్" అన్నాడు సీనియర్. ఖౌఫ్ పడుతూనే బగ్ రాసింది: ఏం నొక్కితే ఏమైంది, నిజానికి ఏం కావాలి, స్క్రీన్ ఫొటోతో సహా.

"ఇప్పుడు నానీ పేరు తీసుకుంటోందా?" ఆపా అడిగింది.

"ఇంకా లేదమ్మీ."

షీర్‌ఖుర్మా గిన్నె పిల్ల ముందుకు జరిపి ఆపా అంది: "అయితే మళ్లీ రాయి బేటీ."