బండికి చోటున్న ఇల్లు

ఇల్లు కొనదలచినవారు మొదట గదులు లెక్కిస్తారు. పిదప వంటగది చూస్తారు. గుర్తుంటే చిట్టచివర వాకిలి చూస్తారు. మేము ఈ వరుసను తలకిందులు చేయవలసి వచ్చింది. మాకు ముందుగా కావలసింది 28 అడుగుల బండి నిలిచే చోటు. దాని పక్కన ఇల్లు ఎలా ఉన్నా సర్దుకుందామనుకున్నాము.

అమెరికాలో 'ఆర్.వి.' అని పొడి అక్షరాలతో వ్యవహరించే వాహనం నిజానికి చక్రాల మీది చిన్న ఇల్లు. మంచము, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అన్నీ అందులోనే ఉంటాయి. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఎందరో దానిలో దేశమంతా తిరుగుతారు. 1960లో జాన్ స్టైన్‌బెక్ అనే రచయిత ట్రక్కు మీద అమర్చిన ఇటువంటి గదిలోనే, తన కుక్కను తోడు తీసుకొని, దేశాన్ని చుట్టివచ్చాడు. మా అవసరం విహారం కాదు. వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన మా అమ్మ గంటకు మించి ఒకచోట కూర్చోలేదు. మేము డల్లాస్ నగర శివారులో ఉంటే, మా చెల్లెలు దాదాపు 800 మైళ్ళ దూరాన డెన్వర్‌లో ఉంది. బండి కదులుతున్నంతసేపూ బెల్టు పెట్టుకొని కూర్చోవడం ఇందులోనూ తప్పదు. కాని కోరినప్పుడు ఆపవచ్చు. ఆపితే నడుము వాల్చడానికి మంచం, నాలుగడుగులలో మరుగుదొడ్డి. విమానంలో ఈ సౌకర్యం లేదు. 76 ఏళ్ళ వయసులో కూతురి ఇంటికి వెళ్ళడానికి ఆమెకున్న దారి అదొక్కటే.

బండి కొనడం ఒక ఎత్తు, దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. మా కాలనీ నివాసుల సంఘం నియమావళి ప్రకారం ఇంటి ముందు అటువంటి వాహనం రెండు రోజులకు మించి ఉండరాదు. గ్యారేజీ తలుపు ఎత్తు 7 అడుగులు, బండి ఎత్తు 11. అందువల్ల దానిని 20 మైళ్ళ అవతల అద్దె స్థలంలో ఉంచాము. అక్కడికి వెళ్ళి, దానిని తెచ్చి, సామాను ఎక్కించి, అమ్మను కూర్చోబెట్టేసరికి ఒక పూట గడిచిపోయేది. మొదటి ఏడు మూడుసార్లు డెన్వర్ వెళ్ళాము. మరుసటి ఏడు ఒక్కసారే. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే మమ్మల్ని కదిలించింది.

పల్లెలో ఇల్లు చూద్దామన్నప్పుడు నా భార్య అడిగిన ప్రశ్న ఒక్కటే. "పెద్దాసుపత్రి ఇప్పుడు పది నిమిషాల దూరంలో ఉంది. అక్కడికి వెళితే నలభై నిమిషాలు. రాత్రివేళ అత్తయ్యకు ఏమైనా అయితే?"

ఆ మాట కాదనలేనిది. నేను బదులు వెదుక్కుంటూండగా అమ్మే అన్నది: "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కాని నాకు ఏమీ కాని రోజులు కూడా ఉంటాయి కదా, వాటిని ఏం చేద్దాం?"

చివరికి ఆసుపత్రికి 25 నిమిషాలలోపు చేరగల ఇళ్ళు మాత్రమే చూడాలని నిర్ణయించుకున్నాము. దానితో ధర పెరిగింది; మూడెకరాల ఆశ ఎకరంన్నరకు తగ్గింది.

టెక్సాస్‌లో నగర పరిధి దాటితే ఎక్కడ ఏమి ఉండాలో శాసించే అధికారం కౌంటీలకు చాలా తక్కువ. అంతమాత్రాన అంతా స్వేచ్ఛే అనుకోరాదు. ఎప్పుడో పొలాన్ని ముక్కలుచేసి అమ్మినవారు దస్తావేజులో రాసిన షరతులు నేటి కొనుగోలుదారును కూడా కట్టివేస్తాయి. అందుచేత ఇంటికంటె ముందు కాగితాలు చదవడం అలవాటు చేసుకున్నాము.

మొదట చూసిన ఇల్లు నా భార్యకు ఎంతగానో నచ్చింది. విశాలమైన వంటగది, తూర్పున పెద్ద కిటికీలు. అయితే బండి లోనికి పోవడానికి ఉన్న ఒకే ఒక దారి కింద మురుగునీటిని నేలలో ఇంకించే గొట్టాలున్నాయి. మా బండి నిండు బరువు దాదాపు ఆరున్నర టన్నులు. దాని కింద ఆ గొట్టాలు నలిగిపోవడం ఖాయం. ఆమె వంటగదిని మరొకసారి చూసి మారుమాటాడక కారెక్కింది.

రెండవ ఇల్లు పాతది, చిన్నది. అమ్మ లోనికి రానేలేదు. పెరట్లో వంగి ఒక మట్టిపెళ్ళ తీసి వేళ్ళమధ్య నలిపి, "ఇది మన పొలం మట్టేరా" అన్నది. ఆమె నరసరావుపేట ప్రాంతపు రైతుబిడ్డ; నల్లరేగడి ఆమెకు కొత్త కాదు. డల్లాస్ ఉత్తరం నుండి శాన్ ఆంటోనియో దాకా సాగే ఈ నల్ల నేలలో ముఖ్యమైన రకాన్ని 'హ్యూస్టన్ బ్లాక్' అంటారు. మన రేగడివలెనే ఇదీ 'వర్టిసాల్' వర్గానికి చెందినది. ఒకప్పుడు ఇక్కడ కూడా పత్తి విరివిగా పండేది. ఎండకు కాలు దిగబడేంత బీటలు తీయడం, వానకు ఉబ్బి చక్రాన్ని పట్టుకోవడం దీని స్వభావం. ఇళ్ళ పునాదులు కూడా ఈ మట్టి పొంగులకు బీటలు వారుతుంటాయని ఇక్కడివారు చెప్పుకొంటారు.

"కంకర పోయించందే ఇక్కడ బండి నిలవదు. ఇంకో మాట, వచ్చిన దారినే వెనక్కి నెట్టే పని పెట్టుకోకు" అని అమ్మ హెచ్చరించింది. వాళ్ళ పుట్టింట్లో ఎడ్లబండి ఒక వాకిట వచ్చి, గడ్డివామును చుట్టి, మరొక వాకిట బయటికి పోయేదట. కాడికి కట్టిన ఎడ్లను వెనక్కి నడిపించడం ఎంత కష్టమో ఆమె చిన్ననాడే చూసింది. ఇంజను ఉన్నా మా బండి ఈ విషయంలో ఎడ్లకంటె మెరుగు కాదు. అది వెనక్కి నడిచేటప్పుడు ఒకరు దిగి చేతులు ఊపుతూ దారి చూపవలసిందే.

ఆ ఇల్లే కొన్నాము. అంతకు ముందు ఒక రాత్రి నా భార్య తానే కారు నడిపి ఆసుపత్రి దాకా వెళ్ళి, గడియారం చూసుకొని వచ్చింది. 23 నిమిషాలు. ఆ అంకె వేసిన కాగితం ఇప్పటికీ కొత్త వంటగది గోడకు అంటించి ఉంది.

పనివారు పైమట్టిని చెక్కి, మట్టీ రాయీ కలిసిపోకుండా బలమైన గుడ్డ పరచి, దాని మీద సున్నపురాతి కంకరను పొరలు పొరలుగా పోసి రోలరుతో అణచారు. వాననీరు నిలవకుండా ఒక పక్కకు వాలు ఇచ్చారు. బండికోసం 30 ఆంపియర్ల విద్యుత్తు ప్లగ్గు వేరుగా పెట్టించాము. పడమటి చెట్టు కొమ్మలు రెండు కొట్టించక తప్పలేదు. అమ్మకు అది నచ్చలేదు.

వసంతంలో నాలుగు రోజులు ఎడతెగక వాన కురిసింది. వెలిసిన మరునాడు బండిని తెచ్చి, ఇంటిని చుట్టి కంకర మీద నిలిపాను. అమ్మ చేతికర్రతో నెమ్మదిగా వచ్చి చక్రాల జాడలు పొడిచి చూసింది. కర్ర దిగలేదు. నాలుగు చక్రాల దగ్గరా అలాగే చూసి, "చెల్లాయికి ఫోన్ చెయ్యి, ఎల్లుండి బయలుదేరుతున్నామని" అన్నది.