పోయక ముందే సరిచూసుకోవాలి

చేసిన వస్తువులో లోపం కనిపిస్తే తిరిగి దిద్దుకోగల పనులు కొన్ని ఉంటాయి. హైదరాబాదు లాడ్ బజారుకు పేరు తెచ్చిన లక్క గాజులనే తీసుకోండి. పనివారు లక్కను నిప్పుల సెగపై మెత్తబరచి, సాగదీసి, గాజుగా చుట్టి, రాళ్లు అద్దుతారు. ఆకృతి కుదరకపోతే మళ్లీ సెగ చూపుతారు. లక్క మళ్లీ మెత్తబడుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గాజుల పనికి ఈ గుణమే ఆధారం. లక్క కూడా ఒక రెజినే. చెట్ల కొమ్మలపై బ్రతికే చిన్న పురుగులు దానిని స్రవిస్తాయి.

నేడు మన ఇళ్లలో గోడ గడియారాలుగా, పేరు పలకలుగా, తాళంచెవుల గొలుసులుగా కనిపిస్తున్న పారదర్శకమైన ఎపాక్సీ రెజిన్ స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. ఒకసారి గట్టిపడిన తరువాత అది మళ్లీ ద్రవం కాదు. ఎక్కువ వేడి తగిలితే మెత్తబడుతుంది, ఇంకా వేడిచేస్తే మాడుతుంది. కరగడం మాత్రం జరగదు. అందువల్ల ఈ పనిలో పడవలసిన శ్రద్ధ అంతా పోయక ముందే పడాలి.

కడపలోని మా ఇంట్లో మేము ముగ్గురు తోడికోడళ్లం మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాము. ఇంటి బాధ్యతలకు లోటు రాకుండా, గడప దాటకుండా నాలుగు రూపాయలు సంపాదించుకునే మార్గం కావాలని దీనిని ఎంచుకున్నాము. మా వలె ఆలోచిస్తున్న సోదరీమణులు చాలామంది ఉన్నారు. మేము నేర్చుకున్నది వారి ముందుంచడం మా బాధ్యత అనిపించింది.

ఈ పదార్థం మనకు కొత్తదేమీ కాదు. విరిగిన కప్పు పిడిని, ఊడిన కుర్చీ కాలును అతికించడానికి ఇంట్లో వాడే అరాల్డైట్ రెండు గొట్టాలలో వస్తుంది కదా! అదీ ఎపాక్సీయే. 1930ల చివర స్విట్జర్లాండులో పియర్ కాస్టాన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దంత వైద్యానికి పనికివచ్చే పదార్థం కోసం చేసిన కృషిలో దీనికి పునాది పడింది. చేతిపనులకు వాడే రెజిన్ కూడా రెండు సీసాలలోనే వస్తుంది. ఒకదానిలో రెజిన్, రెండవదానిలో హార్డెనర్. విడివిడిగా రెండూ ద్రవాలే. కలిపినప్పుడు వాటి అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడతాయి. ఆ క్రమంలో వేడి పుడుతుంది.

మొదటి నియమం తూకం. సీసాపై రెండుకు ఒకటి చొప్పున తూకం అని రాసి ఉంటే, 100 గ్రాముల రెజిన్‌కు 50 గ్రాముల హార్డెనర్ మాత్రమే కలపాలి. అదే నిష్పత్తి కొలపాత్రకు చెప్పినదైతే దానిని కాటాపై తూచకూడదు. రెండు ద్రవాల సాంద్రత ఒకటి కాదు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ పెంచేవారు ఉన్నారు. తోడు కాస్త ఎక్కువ వేస్తే పెరుగు త్వరగా తోడుకుంటుందన్న వంటింటి లెక్క ఇక్కడ చెల్లదు. ఎక్కువైనా, తక్కువైనా జత దొరకని భాగం మిగిలిపోయి వస్తువు ఎప్పటికీ జిగటగానో మెత్తగానో ఉండిపోతుంది.

రెండవ నియమం నిదానం. కలిపేటప్పుడు మజ్జిగ చిలికినట్లు చిలికితే గాలి బుడగలు నిండుతాయి. గిన్నె అంచులు, అడుగు గీకుతూ మూడు నుండి ఐదు నిమిషాలు మెల్లగా తిప్పాలి. తరువాత మరో గిన్నెలోకి ఒంపి మళ్లీ కలిపితే అడుగున కలవకుండా మిగిలిన పొర కూడా కలుస్తుంది. పైకి తేలిన బుడగలపై హీట్ గన్‌ను ఒకచోట నిలపకుండా ఆడిస్తే అవి పగిలిపోతాయి. వానాకాలపు తేమకు పైపొర మసకబారుతుంది, జిడ్డు తేలుతుంది. కడప ఎండాకాలంలో పగటిపూట గిన్నెలో ఉంచిన మిశ్రమం చూస్తుండగానే చిక్కబడి, గిన్నె చేతికి చురుక్కుమంటుంది. అందుకే వేసవిలో ఫజ్ర్ నమాజు తరువాత, ఎండ ముదరక ముందే మేము పని ముగిస్తాము. ఒకేసారి మందంగా పోస్తే లోపలి వేడికి పగుళ్లు వస్తాయి. పలుచని పొరలుగా పోసి, ఒకటి గట్టిపడుతుండగా మరొకటి పోయడమే మేలు.

మా వద్దకు ఎక్కువగా వచ్చే కోరిక నికాహ్ పూలను రెజిన్‌లో భద్రపరచమని. గత ఏడాది మా వీధిలోని ఒక తల్లి కుమార్తె నికాహ్ నాటి పూలదండను పాలిథీన్ సంచిలో తెచ్చారు. గులాబీ రేకులింకా తడిగానే ఉన్నాయి. అమ్మాయి నాలుగు రోజుల్లో భర్తతో కువైట్ వెళ్లిపోతుందనీ, ఈలోగా పలకగా చేసి ఇవ్వాలనీ అడిగారు. ఇంట్లో పాపాయి పాల డబ్బాకు కూడా లెక్క చూసుకుంటున్న రోజులవి. ఆమె రెట్టింపు సొమ్ము ఇస్తామన్నారు.

తడి పూలను రెజిన్‌లో ఉంచితే రేకుల తేమ బుడగలై లేస్తుంది; రంగు కొన్నాళ్లకే గోధుమవన్నెకు తిరుగుతుంది. సిలికా జెల్‌లో పూర్తిగా ఆరబెట్టడానికే వారం రోజులు కావాలి. పోసిన తరువాత అచ్చు నుండి తీయడానికి ఒక రోజు, పూర్తి గట్టిదనానికి మూడు రోజులు లేదా అంతకంటె ఎక్కువే పడుతుంది. ఇదంతా వివరించి, నాలుగు రోజుల్లో కాదని చెప్పాము. ఆమె ముఖం చిన్నబోయింది. "అమ్మా, మీరు కాదంటే ఇంకెవరైనా చేస్తారులే" అన్నారు. మా పెద్ద తోడికోడలు, "చేస్తారు ఖాలా! కాని ఈ పూలు మళ్లీ దొరకవు కదా" అని మాత్రం అన్నది.

ఆమె సంచి తీసుకొని వెళ్లిపోయారు. సాయంత్రానికి తిరిగి వచ్చి, పూలు మా చేతికిచ్చి కూర్చున్నారు. ఆ పూలలో సగమే వాడి, ఆరిన మిగతా సగాన్ని డబ్బాలో భద్రంగా తిరిగి ఇచ్చాము. కువైట్ వెళుతున్న బంధువు చేతిలో ఆ పలక నెల తరువాత ప్రయాణమైంది. రెట్టింపు సొమ్ము తీసుకోలేదు. ఆ ఇంటి ద్వారానే మరో మూడు ఇళ్ల పని వచ్చింది.

పూలకంటె ముందు కాపాడుకోవలసినవి మన చేతులు, మన పిల్లలు. మాకు తెలిసిన ఒక యువతికి వేళ్ల మధ్య దురద, దద్దుర్లు మొదలయ్యాయి. వైద్యుల సలహాపై ఆమె ఈ పని శాశ్వతంగా మానుకోవలసివచ్చింది. గట్టిపడని రెజిన్, హార్డెనర్ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ ఏర్పడవచ్చు. ఒకసారి ఏర్పడితే తరువాత చుక్క తగిలినా శరీరం సహించదు. కనుక నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. చర్మానికి అంటితే థిన్నర్‌తో తుడవకూడదు. సబ్బు నీటితో కడుక్కోవాలి. గాలి ధారాళంగా వచ్చే గదిలోనే పనిచేయాలి. గట్టిపడిన అంచులను అరగదీసేటప్పుడు ముక్కుకు తగిన మాస్కు ఉండాలి. తడిపి అరగదీస్తే ధూళి లేవదు. మేము మేడమీది గదిని దీనికే కేటాయించి తాళం వేస్తాము. వంటింటి గరిటెలు, గిన్నెలు అక్కడికి వెళ్లవు. అక్కడివి వంటింట్లోకి రావు. మిగిలిన ద్రవాన్ని కాలువలో పోయము. గట్టిపడనిచ్చి పొడి చెత్తలో వేస్తాము.

అమ్మకంలోనూ తూకం ఉంది. దివ్యఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా కొలతల్లో, తూనికల్లో మోసం చేసేవారిని తీవ్రంగా హెచ్చరిస్తుంది. వస్తువు లోపాన్ని దాచడం కూడా కొనేవారి హక్కును తగ్గించడమే అని మేము భావిస్తాము. కాబట్టి ప్రతి పెట్టెలో ఒక చీటీ ఉంచుతాము: ఎండ తగిలే గోడకు తగిలించవద్దు, కాలక్రమంలో కొంత పసుపు వన్నె రావచ్చు, పొయ్యి మీది నుండి దించిన గిన్నెలు దీనిపై పెట్టవద్దు, వేడికి మెత్తబడి మచ్చ పడుతుంది. ఈ చీటీ చదివి కొనకుండా వెళ్లినవారూ ఉన్నారు. ఆయతులు రాసిన ఫ్రేములు గోడకు తగిలించడానికి చేసి ఇస్తాము గాని, చాయ్ కప్పులు మోసే ట్రేలపై అల్లాహ్ నామం రాయమంటే మర్యాదగా నిరాకరిస్తాము.

ఈ పని మొదలుపెట్టదలచిన సోదరీమణులు మొదట పెద్ద అచ్చులు కొనకండి. ఒక మంచి డిజిటల్ కాటా, చేతితొడుగులు, ఒక చిన్న అచ్చు చాలు. సీసాపై రాసినది పూర్తిగా చదవండి, తూచండి, మరోసారి చూడండి. బిస్మిల్లాహ్ అని ఆ తరువాతే పోయండి.