బ్లేడు అంచుదాకా ఆసరా

స్క్రోల్ సా కొన్నవాళ్లు కోత బాగా రాకపోతే ముందు బ్లేడ్లు మారుస్తారు, ఆ తర్వాత మర మీదే అనుమానపడతారు. నేనైతే ముందు బల్ల చూడమంటాను. హామిల్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్లో నాకు పట్టుబడిన ఈ సంగతిని మొన్న సెలవుల్లో రుషికొండలో, అక్కావాళ్లింట్లో, మళ్లీ చేసి చూశాం.

కెనడాలో నేనుండే హామిల్టన్ కూడా విశాఖలాగే ఓడరేవూ ఉక్కు కర్మాగారాలూ ఉన్న ఊరు. మా బావగారు స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మేమిద్దరం ఫోనులో కూచుంటే మాటలన్నీ మట్టాల చుట్టూ, మరల చుట్టూ తిరుగుతాయి. ఇప్పుడాయన వెనక వరండాలో స్క్రోల్ సా పెట్టుకుని 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో బొమ్మలు కోస్తున్నారు. జాలర్ల తెప్ప, డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్, అన్నిటికన్నా ఇష్టంగా కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, మరుసటేడు బీచ్ రోడ్డున మ్యూజియమైన ఓడ అది. 91 మీటర్ల ఆ ఓడను జానెడు చెక్కలోకి దించితే పెరిస్కోపు అగ్గిపుల్లంత కూడా ఉండదు. విరిగేది అక్కడే.

“ఏటోయ్ ఇది, పైన నున్నగా తెగతంది, కింద పీకేస్తంది?” అని ముక్క తిరగేసి చూపించారు. గీత పొడవునా పీచు లేచి ఉంది.

బల్ల మధ్య బ్లేడు దిగే కంతలో బొటనవేలు పడుతుంది. పళ్లు కోసేది కిందికి దిగేటప్పుడు. అప్పుడు అడుగు పొరకు కింద ఆసరా లేకపోతే నార తెగదు, వంగి చిరిగిపోతుంది. బ్లేడు పైకి లేచేటప్పుడు పల్చటి చెక్క ఎగిరెగిరి పడుతుంది. సన్నటి కొసలు ఆ కంతలోకి ఒరిగి విరుగుతాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర పలకలు కూడా ఆయన దగ్గర కొన్ని ఉన్నాయి. తెల్లటి కర్ర కదా, అల్యూమినియం బల్ల మీద జరుపుతుంటే అడుగున నల్లటి మసి అంటుకుంటోంది. ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా ఆ మూలల్లో పోదు.

బల్ల మీద ఇంకో పలక పరిస్తే ఈ రెండు చిక్కులూ తీరతాయి. హామిల్టన్‌లో నేను హార్డ్ బోర్డు వాడాను. రుషికొండలో, పక్క అపార్టుమెంటులో ఇంటీరియర్ పని చేస్తున్న కుర్రాళ్లు పారేసిన సన్‌మైకా ముక్క దొరికింది. దాన్ని 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు అతికించి, బల్ల కొలతకు కోసి, బ్లేడు దిగేచోట 2 మిల్లీమీటర్ల రంధ్రం వేశాం. బ్లేడు కిందికీ మీదికీ ఆడుతూ కాస్త ముందుకూ వెనక్కూ కూడా కదులుతుంది కాబట్టి రంధ్రాన్ని ఆ దిక్కున కొంచెం సాగదీశాం. అడుగువైపు దాన్ని వెడల్పు చేస్తే పొట్టు ఇరుక్కోకుండా రాలిపోతుంది. బ్లేడును ఒకవైపు విప్పి రంధ్రంలోంచి దూర్చి, పలకను డబుల్ సైడ్ టేపుతో బల్లకు అంటించాం.

మందపాటి పలకైతే గట్టిగా ఉంటుందని బావగారి వాదన. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. మేం వాడేది ఎదురుపళ్ల బ్లేడు. దాని కింది కొసన కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి, అడుగు పొరను శుభ్రంగా కోసేవి అవే. బ్లేడు పైకి లేచినప్పుడు అవి పలకను దాటి చెక్కలోకి రావాలి. పలక మందమైతే లోపలే ఉండిపోతాయి. 4 మిల్లీమీటర్ల దగ్గర ఆగాం. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది: చెక్క ఆ మేరకు పైకి లేచింది కాబట్టి, ఇన్నాళ్లూ పని లేకుండా ఉన్న పళ్లు ఇప్పుడు కోతకు వస్తాయి.

పలక వేశాక మట్టం మళ్లీ చూడాల్సిందే. సన్నటి బ్లేడు పక్కన మూలమట్టం ఆనించి చూస్తే కళ్లు మోసపోతాయి. అంగుళం మందం చెక్క అంచున చిన్న గాటు పెట్టి, మర ఆపి, చెక్కను బ్లేడు వెనక్కి తిప్పి ఆ గాటును బ్లేడు వీపుకు చేర్చి చూడాలి. తేలిగ్గా దూరితే బల్ల నిలువుకు సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే రెట్టింపై కనిపిస్తుంది. ఫిట్టరు చేతికి ఈ పని చెప్పాలా, బావగారు వెంట్రుకవాసి తేడా కూడా వదల్లేదు.

చివర తేనెమైనం రుద్ది పొడిగుడ్డతో తుడిచాం. సిలికాన్ ఉన్న పాలిష్ మాత్రం వద్దు, అది చెక్కకు అంటితే తర్వాత లక్క గానీ వార్నిష్ గానీ సరిగా పట్టదు. ఆ సాయంత్రం కోసిన కురుసురకు పెరిస్కోపు నిలిచింది, అడుగు అంచుకు ఉప్పుకాగితం ఒక్కసారి తగిలిస్తే సరిపోయింది. బల్లను ఒరగబెట్టి కోయడానికి ఈ చిన్న రంధ్రం పనికిరాదు. దానికి పొడుగాటి గాడితో వేరే పలక చేసుకోవాలి, ఆ పని బావగారు మొదలుపెట్టేశారు.

ఊళ్లో ఇలాంటి సరదా ఉన్నవాళ్ల కోసం అమెరికా, కెనడాల నుంచి 120 వోల్టుల మరలు మోసుకెళ్లకండి. చెక్ ఇన్ పెట్టెలో 5 అంగుళాల ఎదురుపళ్ల బ్లేడ్లు, వాళ్ల మరకు పిన్నులవో పిన్నుల్లేనివో కనుక్కుని, నాలుగు కట్టలు పెట్టుకెళ్లండి. బల్లకు కావలసిన తుక్కు అక్కడ ప్రతి వీధిలోనూ దొరుకుతుంది.