మేడ్చల్–శామీర్‌పేట: గుట్టలు, చెరువు కట్టలు, పండుగ దారులు

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద దారులున్నాయి. బోయిన్‌పల్లి, కొంపల్లి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ దాటి నాగపూర్ వైపు పోతుంది. అల్వాల్, హకీంపేట మీదుగా సాగే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా కరీంనగర్ చేరుతుంది. ఈ దారుల వెంటా, వాటికి తూర్పున కీసర, మౌలాలి దాకా ఉన్న నేల 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో భాగమైంది. కలెక్టరేటు మొదట కీసరలో నడిచింది. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కట్టిన కొత్త భవనాల్లోకి మారింది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ ప్రాంగణం, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలు, వీటన్నిటినీ కోసుకుంటూ పోయే ఔటర్ రింగు రోడ్డు. కొత్తగా వచ్చినవాళ్లకు కనిపించే మేడ్చల్ ఇది.

దీని కింద ఇంకో పటం ఉంది. కాశీలాగా దేశమంతా తరలివచ్చే క్షేత్రం ఇక్కడ లేదు. అయితే కీసర గుట్టమీద శివుడు, మౌలాలి గుట్టమీద అలీ హస్తం, బొల్లారంలో దొరల కాలపు చర్చి, చెరువు కట్టలమీద మైసమ్మ, ఊళ్లలో పీర్ల కొట్టాలు, అన్నీ ఒక పూటలో చుట్టి రాగలిగినంత దగ్గరగా ఉన్నాయి. ఇంత ఇరుకులో ఇన్ని మొక్కులు ఉన్నచోట తగాదా రాకుండా ఉండదు. వచ్చినప్పుడు మాత్రం ఏ దేవుడు గొప్ప అన్నదాని మీద రాలేదు. ఏ రోజు, ఏ దారి, ఏ వేళ అన్నదాని మీదే వచ్చింది. సర్దుబాటు కూడా అక్కడే కుదిరింది.

పాతదనం లెక్కన ముందు చెప్పవలసింది కీసర. రావణవధ తర్వాత రాముడు ఇక్కడ లింగప్రతిష్ఠ తలపెట్టాడని, కాశీనుంచి లింగాలు తెచ్చే హనుమంతుడు ఆలస్యం చేశాడని, ఈలోగా శివుడే ప్రత్యక్షమై లింగమిచ్చాడని, అలిగిన హనుమంతుడు తాను తెచ్చినవాటిని తోకతో విసిరేశాడని స్థలపురాణం. గుడి చుట్టూ ఆరుబయట చెల్లాచెదురుగా ఉన్న లింగాలకు జనం చెప్పుకునే కారణం ఇదే. రామేశ్వరంలో వినిపించే కథకూ దీనికీ దగ్గరి చుట్టరికం. తవ్వకాల్లో బయటపడింది వేరే చరిత్ర. విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు, కోటగోడ ఆనవాళ్లు దొరికాయి. ఒక రాతిమీద బ్రాహ్మీ లిపిలో ‘తొలచువాండ్రు’ అన్న మాట ఉంది. దాదాపు 5వ శతాబ్దిదిగా లెక్కించే ఈ శాసనం తెలుగు మాట కనిపించే తొలి రాతల్లో ఒకటి. గుట్టను తొలిచిన పనివాళ్లు తమ జట్టు గుర్తు వదిలిపోయారన్నమాట. ఆ విష్ణుకుండినులు శ్రీపర్వతస్వామి భక్తులమని చెప్పుకున్నారు. మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశానని శాసనాల్లో చాటుకున్నాడు. అదే వంశంలో గోవిందవర్మ బౌద్ధ విహారానికి ఊళ్లు దానమిచ్చిన సంగతి తుమ్మలగూడెం రాగిరేకులవల్ల తెలుస్తోంది. రెండు వైపులా చేయి చాపడం రాజనీతా, నమ్మకమా అని తేల్చడం కష్టం. రెండూ అయి ఉండవచ్చు.

కీసరకు నైరుతిన, ఇప్పుడు పూర్తిగా నగరంలో కలిసిపోయిన మౌలాలి ఉంది. రైల్వే యార్డు, ఇంజన్ల షెడ్డు, హౌసింగ్ బోర్డు కాలనీ నడుమ ఒక్కటే పెద్ద నల్లరాతి గుండు. పైకి ఐదువందలకు దగ్గరగా మెట్లు. గోలకొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలిన కాలంలో యాకూత్ అనే రాజోద్యోగి జబ్బుపడ్డాడని, కలలో పచ్చని దుస్తుల మనిషి వచ్చి ‘మౌలా పిలుస్తున్నారు’ అని గుట్టమీదికి తీసుకుపోయాడని, అక్కడ హజ్రత్ అలీ రాతిమీద చేయి ఆన్చి కూర్చుని కనిపించారని కథ. తెల్లవారి వెళ్లి చూస్తే రాతిమీద అరచేతి గుర్తు ఉందట. ఆ రాతిని తొలిచి కమానులో నిలిపారు. ఆ గుర్తు చుట్టూనే దర్గా పెరిగింది.

మౌలాలి చరిత్రలో గమనించదగింది దాని పోషకులు మారిన తీరు. కుతుబ్ షాహీలు షియాలు, అలీ గుట్టను ఆదరించడంలో వింత లేదు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నాక షియా వేడుకలకు దర్బారు అండ పోయింది. తర్వాత వచ్చిన ఆసఫ్ జాహీలు సున్నీలు. మామూలుగా అయితే అక్కడితో ఈ జాతర చిక్కిపోవాలి. జరిగింది అది కాదు. 1762 నుంచి 1803 దాకా ఏలిన నిజాం అలీ ఖాన్ కాలంలో ఇది నగరంలోకెల్లా పెద్ద వేడుకల్లో ఒకటైంది. రజబ్ నెల 13న అలీ పుట్టినరోజు, 17న యాకూత్ కల వచ్చిన రోజు. ఆ రోజుల్లో దర్బారు దర్బారే గుట్ట కిందికి తరలివచ్చి డేరాలు వేసేది. అమీర్లు, సిపాయిలు, వర్తకులు, హిందూ పేష్కార్లు, నాట్యకత్తెలు అందరూ వచ్చేవారు. కవయిత్రి, నర్తకి మహలకా బాయి చందా (1768–1824) పుట్టుకే ఈ గుట్ట చలవ అని ఆమె ఇంటివాళ్లు నమ్మారు. తల్లి రాజ్ కున్వర్ బాయికి గర్భం నిలవదేమో అన్న భయంలో ఇక్కడ మొక్కుకున్నారని చెప్పేవారు. తల్లికోసం గుట్ట పాదాన మహలకా కట్టించిన సమాధి తోటలోనే ఆమె కూడా ఉంది. రాజపుత్ర మూలాలున్న తల్లి, అలీని కీర్తించిన కూతురు, సున్నీ నిజాం, షియా దర్గా: ఈ కలయికను ఏ శాంతి సభా తీర్మానించలేదు. మొక్కు తీరుతుందన్న నమ్మకం, జాతరలో జరిగే వ్యాపారం, దర్బారు కొలువు కలిసి దాన్ని నిలబెట్టాయి. ఎదురుగా ఉన్న చిన్న గుట్టమీద కదమె రసూల్, అంటే ప్రవక్త పాదముద్ర అని భక్తులు నమ్మే రాయి ఉంది. రెండు గుట్టలూ రాయి కొట్టేవాళ్ల ఉలికి కొంత అరిగినవే.

దర్బారు వేడుక నగరంవాళ్లది. ఊళ్లది పీర్ల పండుగ. మొహర్రం నెల పొడుపు కనిపించగానే పెట్టెలోంచి పీర్లను తీసి, తోమి, రంగురంగుల దట్టీలు కట్టి కొట్టంలో నిలబెడతారు. ముందు గుండం తవ్వి నిప్పు రాజేస్తారు. దాని చుట్టూ డప్పు దరువుకు కుర్రాళ్లు, ముసలివాళ్లు అడుగులు వేస్తారు. పీరు వాకిట్లోకి వస్తే ఇల్లాలు బిందెడు నీళ్లు తెచ్చి, ఎత్తుకున్నవాడి కాళ్లమీద పోస్తుంది. ఊదు బూడిద చంటిపిల్ల నుదుట పెట్టించుకుని, మలీదా, కుడుకలు సమర్పిస్తుంది. ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని ఊళ్లలో కూడా తెలంగాణలో ఈ పండుగ నడుస్తుంది. ఎవరు పీరు ఎత్తాలి, ఎవరు డప్పు కొట్టాలి, ముందు ఎవరి వాకిట్లో ఆగాలి అన్నది తరతరాలుగా నడిచే వంతు. షియాలకు కర్బలా శోకదినమైనది ఊరికి ఆటపాటల పండుగ కావడం మతగ్రంథాల లెక్కకు అందదు. ఇరువైపులా దీన్ని తప్పుపట్టే పండితులున్నారు. ఊరు వాళ్లను పెద్దగా పట్టించుకోలేదు.

పదోనాడు పీర్లను సాగనంపేది చెరువుకో బావికో. ఆ చెరువులోనే దసరా ముందు బతుకమ్మలు తేలతాయి, భాద్రపదంలో వినాయకులు మునుగుతారు. కట్టమీద మైసమ్మ ఉంటుంది. కట్ట తెగకుండా కాపాడేది ఆమె అని కింద మడికట్లున్న రైతుల నమ్మకం. శామీర్‌పేట పెద్ద చెరువు కట్టమీదా కట్టమైసమ్మకు బోనాలు ఎత్తుతారు. ఒకే నీరు ఇందరికి పనికొచ్చిందంటే, వాళ్లు వేర్వేరు రోజుల్లో రావడంవల్లే.

ఈ రోజుల లెక్కను పై అధికారం తప్పించినప్పుడు ఏమవుతుందో బొల్లారంలో 1855 సెప్టెంబరులో తేలింది. అల్వాల్ పక్కనున్న బొల్లారం అప్పుడు హైదరాబాద్ కంటింజెంటు దండు ఉన్న కంటోన్మెంటు. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఇక్కడే ఉంది. దండుకు బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ. కైఫీయతులు సేకరించిన మెకంజీ ఈయన కాడు. ఆయన అంతకు చాలా ముందే, 1821లో పోయాడు. ఆ ఏడు మొహర్రం చివరి రోజులు 22 శనివారం, 23 ఆదివారాలకు తగులుకున్నాయి. ఆదివారం క్రైస్తవుల ఆరాధన దినం గనుక ఆనాడు ఊరేగింపులూ వాద్యాలూ వద్దని ఉత్తర్వు వచ్చింది. సిపాయిల్లో, సవార్లలో కలవరం చూసి దాన్ని సడలించారు. ఎవరి లైన్లలో వాళ్లు తిరగవచ్చన్నారు. ఆ సడలింపు మనసులకు ఎక్కేలోపే 21 శుక్రవారం సాయంత్రం ఒక ఊరేగింపు బ్రిగేడియర్ బంగళా దగ్గరి రోడ్డుమీద డప్పులతో సాగింది. మెకంజీ స్వయంగా వెళ్లి అడ్డుపడి, ఊరేగింపు జెండాలు లాక్కున్నాడు. పీరు చేతిలో ఉన్నవాడికి అది కర్రా గుడ్డా కాదు. ఆ రాత్రే 3వ అశ్వదళం సవార్లు కత్తులు దూసి బంగళామీద పడ్డారు. మెకంజీ తీవ్రంగా గాయపడి ఎలాగో బతికాడు. దళంమీద శిక్షలు పడ్డాయి. డల్హౌసీ ప్రభుత్వం మాత్రం తప్పంతా సవార్లమీద నెట్టలేదు. బ్రిగేడియర్ తొందరపాటును కూడా తప్పుపట్టింది. రెండేళ్లకు 1857 వచ్చింది గనుక చరిత్ర పుస్తకాలు ఈ ఘటనను ఒకటి రెండు వాక్యాలతో దాటిపోతాయి.

అదే కాలంలో జెరూసలేంలో ఇదే చిక్కును ఇంకో తీరున కట్టడి చేశారు. క్రీస్తు సమాధి ఉందని నమ్మే చర్చిలో గ్రీకులు, లాటిన్లు, ఆర్మీనియన్లు, కాప్టులు తదితరులు ఏ మెట్టు ఎవరు ఊడ్వాలి, ఏ దీపం ఎవరు వెలిగించాలి, ఏ గంటకు ఎవరి పూజ అన్నదానిమీద కొట్టుకునేవారు. 1852లో ఒట్టోమన్ సుల్తాను ఉన్నది ఉన్నట్టు ఉండాలని ఫర్మానా ఇచ్చాడు. పవిత్రస్థలాలపై హక్కుల తగవు మరుసటి ఏడు క్రిమియా యుద్ధానికి ఒక సాకు కూడా అయింది. అయినా ఆ కట్టుబాటే ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. చర్చి తలుపు తాళం, తీయడం, వేయడం శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉన్నాయి. అందరికీ సమదూరంలో ఉన్నవాడికి తాళం అప్పగించడం ఒక ఏర్పాటు. భారతదేశంలో 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం చేయదలచినదీ ఇలాంటిదే. అయోధ్యను మినహాయించి, 1947 ఆగస్టు 15న ఏది ఎవరిదిగా ఉందో అలాగే ఉండాలన్నది దాని సారం.

చట్టం స్థలాన్ని ఆపగలదు, తిథిని ఆపలేదు. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు, దానికి అధికమాసం లేదు. తెలుగు పంచాంగం రెండు మూడేళ్లకోసారి అధికమాసం వేసి రుతువులతో కలుస్తుంది. అందుకే ముస్లిం పండుగలు ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో హిందూ పండుగలన్నిటినీ ఒక్కొక్కటిగా తాకి వెళతాయి. 1983 సెప్టెంబరులో బక్రీదు, వినాయక నిమజ్జనం దగ్గరదగ్గరగా వచ్చాయి. హైదరాబాద్ పాతబస్తీలో అల్లర్లు రేగి ప్రాణాలు పోయాయి. అదే ఏడు నవంబరులో ఎలిజబెత్ రాణి బొల్లారం చర్చిలో ప్రార్థనకు వచ్చింది. రెండు నెలల తేడాతో, ఒకే నగరంలో, ఈ రెండూ జరిగాయి.

ఇటీవల ఢీకొనే వేళను పెద్దలు ముందుగానే పసిగట్టారు. 2023లో ప్రవక్త పుట్టినరోజైన మిలాద్, వినాయక నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. మిలాద్ జులూస్ నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో మిలాద్ సెప్టెంబరు 16, నిమజ్జనం 17. ప్రభుత్వం అందరితో మాట్లాడాక జులూస్ 19న సాగింది. 1855లో వద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు మార్చుకుంటామన్న మాట ఊరేగింపువాళ్ల నోట వచ్చింది. ఫలితంలోని తేడాకు మూలం అక్కడుంది. ఏటా పండుగలముందు పోలీసులు ఠాణాల్లో జరిపే శాంతి కమిటీ భేటీల్లోనూ చర్చ చాలావరకు ఇదే: మైకు ఎన్ని గంటలకు ఆపాలి, మసీదు ముందు డప్పు ఎక్కడ నిలపాలి, ట్రాలీ ఎటు తిప్పాలి.

ఈ ఏర్పాట్లకు అన్నిచోట్లా పట్టు లేదు. 2024 అక్టోబరు 14 తెల్లవారుజామున సికింద్రాబాద్ కుమ్మరిగూడ ముత్యాలమ్మ విగ్రహం ధ్వంసమైంది. నిరసనలు లాఠీచార్జీ దాకా పోయాయి. తర్వాత అక్కడ కొత్త విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. మేడ్చల్, శామీర్‌పేటల్లో చిక్కు వేరే రూపంలో ఉంది. వెంచర్లు, గేటెడ్ కాలనీలు పాత ఊళ్లను చుట్టుముట్టాయి. పీరు ఏ దారిన వస్తుందో, బోనం ఏ వాకిట ఆగుతుందో తెలిసినవాళ్లు ఊరి నడుమ కొన్ని వీధులకు పరిమితమయ్యారు. కాలనీవాసికి అది ట్రాఫిక్ జాము. చెరువు శిఖంలో లేఅవుట్ లేస్తే పీర్లకూ బతుకమ్మలకూ నీళ్లు దొరకవు. గుట్టలకు మాత్రం కొంత కాపలా దొరికింది. 1996లో మొదలైన రాళ్ల పరిరక్షణ సంఘం పోరాటంవల్ల హైదరాబాద్ చుట్టూ కొన్ని రాతి గుట్టలకు వారసత్వ రక్షణ లభించింది.

2023, 24, 25 ఏళ్లలో మొహర్రం పదోరోజు జూలైలో, బోనాల ముందువెనకల్లో పడింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో ఆషాఢం వెనక్కి జరిగి, రెండింటి మధ్యా వారాల ఎడం వస్తుంది. 2027లో మార్చి 6 శివరాత్రి రంజాన్ ఆఖరి రోజుల్లో పడుతుంది. కీసర జాతరకు పోయే బస్సులూ, ఉపవాసం విడిచే ఇఫ్తారు వేళా ఒకే సాయంత్రం ఒకే రోడ్డుమీద కలుస్తాయి.