మంచుసీమలో మొరాయించిన బండి

జనవరి మాసంలో లేహ్ పట్టణం తెల్లవారిన వెంటనే మేల్కొనదు. కాలువలలో నీరు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. కుళాయిలు మూగవోయి ఉంటాయి. వీధికుక్కలు సైతం గోడల వారన ముడుచుకొని సూర్యుని కోసం ఎదురుచూస్తుంటాయి. కొండలను దాటి వచ్చిన తొలి ఎండ తొమ్మిది అంతస్తుల పాత రాజప్రాసాదపు గోడలను తాకి, మెల్లగా బజారులోకి దిగుతుంది. అప్పుడు వినిపిస్తుంది ఆ ఊరి మొదటి శబ్దం. ఇంటింటి ముందూ నిలిపి ఉంచిన బండ్లు సెల్ఫ్ కొట్టినప్పుడు చేసే మూలుగు అది. కొన్ని రెండు మూడు మూలుగుల తర్వాత దగ్గి, పొగ కక్కి, బయలుదేరుతాయి. కొన్ని మాత్రం ‘టక్, టక్’ మని ఊరుకుంటాయి. అలా ఊరుకున్న బండి యజమానికి ఆ రోజు మొదలు కాకముందే ముగిసిపోయినట్లు లెక్క.

లేహ్ సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున, సింధునదికి ఉత్తరంగా ఉన్నది. జనవరి రాత్రులలో ఇక్కడ మైనస్ 15 డిగ్రీలు సర్వసాధారణం. తూర్పున చాంగ్‌థాంగ్ పీఠభూమిలో మైనస్ 30 కూడా ఎవరికీ వింత కాదు. బయటి ప్రపంచం నుండి ఈ ఊరికి వచ్చే ప్రధానమైన రోడ్లు రెండు. ఒకటి శ్రీనగర్ నుండి జోజిలా కనుమ మీదుగా వస్తుంది, రెండవది మనాలి నుండి. 2020లో రోహ్‌తంగ్ కింద అటల్ సొరంగం తెరుచుకున్నప్పటికీ, దానికి ఆవల ఉన్న బారాలాచా, తంగ్‌లంగ్ కనుమలు చలికాలంలో మంచుతో మూసుకుపోవడం మానలేదు. దారులు మూసుకున్నాక మిగిలేది విమానమొక్కటే. కాని విమానం లేహ్ వరకే వస్తుంది. అక్కడి నుండి లోపలి గ్రామాలకు బంగాళాదుంపలు, గ్యాసు బండలు, పశువుల దాణా, మందులు, పెళ్లివారు, రోగులు, అప్పుడప్పుడు ఒక లామాగారు, అందరూ అన్నీ పికప్ బండిలోనే వెళ్లాలి. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిను, వెనుక సామాను వేసే తొట్టి. స్థానికులు దీనిని ‘క్యాంపర్’ అని పిలుస్తారు.

అటువంటి ఒక క్యాంపర్ ఇటీవలి చలికాలంలో తన యజమానిని ముప్పుతిప్పలు పెట్టింది.

ఆ యువకుడు లేహ్ నుండి సింధునది వెంబడి షే, థిక్సే, ఉప్షీ, చుమాథంగ్‌ల మీదుగా మాహే వరకు, 150 కిలోమీటర్లకు పైగా సరుకు తోలుతుంటాడు. బండి కొని రెండేళ్లయినా కాలేదు. డిసెంబరులో ఒక సోమవారం ఉదయం అది మొదటిసారి మొరాయించింది. బ్యాటరీ డౌన్ అయింది. పక్కింటి బండి నుండి తీగలు కలిపి లేవదీశారు. పది రోజుల తర్వాత మళ్లీ అదే కథ. ఆ తర్వాత మరి రెండుసార్లు.

కారణమేమిటని అడిగితే వీధి అంతా ఒకే మాట చెప్పింది: చలి!

ఆ మాటతో పాటు ఉచిత సలహాలు కూడా వచ్చాయి. రాత్రిపూట బానెట్ మీద రజాయి కప్పమన్నారు. తెల్లవారగానే ఎండ తగిలేలా తూర్పు ముఖంగా నిలపమన్నారు. వాలులో ఆపితే దొర్లించి స్టార్టు చేసుకోవచ్చునన్నారు. బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోమన్నారు. ఇంజను కింద నిప్పుల కుంపటి పెట్టమని చెప్పినవారు కూడా లేకపోలేదు. ఈ చివరి పద్ధతి వలన బండి లేచిన మాట నిజమే గాని, డీజిలు గొట్టాల కింద నిప్పు పెట్టడం ఎంత తెలివైన పని అనేది వేరే ప్రశ్న. మొత్తానికి ఆ యువకుడు కుంపటి తప్ప అన్నీ పాటించాడు. ఫలితం శూన్యం.

చలి మీద మోపిన నేరంలో కొంత నిజం లేకపోలేదు. బ్యాటరీలో ఉన్నది సీసపు పలకలు, వాటి మధ్య నీరు కలిసిన గంధకామ్లం. ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన అమరికలో మూలసూత్రం నేటికీ మారలేదు. పలకలకూ ఆమ్లానికీ మధ్య జరిగే రసాయన చర్యే విద్యుత్తుకు ఆధారం. చలిలో ఆ చర్య మందగిస్తుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ తన మామూలు శక్తిలో సగం కూడా అందించలేదు. సరిగ్గా అదే సమయంలో ఇంజనులోని ఆయిలు చిక్కబడి, దానిని తిప్పడానికి రెట్టింపు బలం కావలసి వస్తుంది. రాబడి సగం, ఖర్చు రెట్టింపు. డీజిలు ఇంజనుకు ఆ ఎత్తులోని పలుచని గాలి మరొక అడ్డంకి. ఒకప్పుడు డీజిలు కూడా ట్యాంకులోనే పేరుకుపోయేది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించే ప్రత్యేకమైన డీజిలును లడఖ్‌కు తెచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది.

అయితే బ్యాటరీకి అసలు శత్రువు చలి కాదు, వేడి. ఈ సంగతి మైదానవాసులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. మే నెలలో 45 డిగ్రీలకు కాగే రామగుండంలోనో, విజయవాడలోనో బానెట్ కింద ఉన్న బ్యాటరీ లోలోపల తొందరగా అరిగిపోతుంది. దాని ఆయుష్షును తినేది ఆ వేడే. అలా నీరసించిన బ్యాటరీ వేసవిలో ఎలాగో నెట్టుకొస్తుంది, తొలి చలికి పడిపోతుంది. జనం చలిని తిడతారు. ఆరోగ్యంగా, నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 20లో కూడా బండిని లేవదీయగలదు. లేహ్ వీధులలో ప్రతి ఉదయం లేచి పోయే వందలాది బండ్లే అందుకు సాక్ష్యం. అన్ని బండ్లకూ ఒకే చలి అయినప్పుడు, ఈ ఒక్క బండికే రోగమెందుకు?

ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. జనవరి మొదటివారంలో బ్యాటరీ లోపలి ద్రవం మంచుగడ్డగా మారి, ప్లాస్టిక్ పెట్టె నిలువునా చీలిపోయింది. నిండుగా ఛార్జి అయిన ఆమ్లం మైనస్ 50 డిగ్రీలకు సైతం గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో మిగిలేది చాలావరకు నీరే కనుక మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకట్టిన దానికి తీగలు కలిపి ఛార్జి చేయబోవడం కంటే ప్రమాదం మరొకటి లేదు, పేలిపోవచ్చు. అదృష్టవశాత్తూ ఆ యువకుడు చీలికను ముందే చూశాడు. కొత్త బ్యాటరీ కొన్నాడు. చలికాలపు సంపాదనలో అది చిన్న ఖర్చు కాదు.

కొత్త బ్యాటరీ మూడు వారాలు బుద్ధిగా పనిచేసింది. ఫిబ్రవరిలో మాహేకు సరుకు తీసుకొని వెళ్లినప్పుడు మంచు కురిసి దారి మూసుకున్నది. బండి రెండు రాత్రులు, రెండు పగళ్లు అక్కడే నిలిచిపోయింది. మూడవ రాత్రి, దారి తెరిచారన్న కబురు వచ్చిన కొద్ది గంటలకే, సమీపంలోని ఒక ఇంటివారు పరుగున వచ్చి తలుపు తట్టారు. వృద్ధురాలికి ఛాతీలో నొప్పి. లేహ్ ఆస్పత్రికి చేర్చాలి. ఆమెను రజాయిలలో చుట్టి క్యాబినులో కూర్చోబెట్టారు. తాళంచెవి తిప్పితే టక్కుమన్న చప్పుడైనా రాలేదు. మీటర్లలో దీపాలు కూడా వెలగలేదు.

పదిమంది కలిసి బండిని నెట్టారు. నాలుగు వేల మీటర్ల పైన పది అడుగులు పరుగెత్తితేనే ఊపిరి అందదు, ఇక పికప్ బండిని నెట్టడమంటే చెప్పనక్కర లేదు. అయినా లాభం లేకపోయింది. పాతకాలపు డీజిలు బండ్లకు ఆ విద్య పనికివచ్చేది. ఇంకా పాతకాలపు అంబాసిడరుకైతే ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పేవారు. ఇప్పటి ఇంజనులలో డీజిలును చిమ్మే ఏర్పాటంతా ఎలక్ట్రానిక్ పెట్టె ఆజ్ఞల మీద నడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినప్పుడు ఆజ్ఞ ఇచ్చేవాడే ఉండడు. ఎంత దూరం నెట్టినా చక్రాలు తిరుగుతాయి గాని ఇంజను లేవదు. ఆ వృద్ధురాలు చీకటిలో, చలిలో రెండు గంటలకు పైగా అలాగే కూర్చున్నది. తెల్లవారుజామున ఆ దారిన వచ్చిన సైనిక ట్రక్కు నుండి తీగలు కలిపాక గాని బండి కదలలేదు. మధ్యాహ్నానికి లేహ్ చేరారు. ఆమె బ్రతికింది. రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నది.

ఆ మరునాడే యువకుడు చోగ్లమ్‌సర్ వైపు రోడ్డున ఉన్న ఒక చిన్న వర్క్‌షాపుకు వెళ్లాడు. అక్కడి మెకానిక్ సైన్యంలో వాహనాల మరమ్మతు పని చేసి విశ్రాంతి పొందిన వృద్ధుడు. లడఖ్‌లో అటువంటి పెద్దవారిని ‘అజాంగ్‌లే’ అంటారు, మామగారూ అన్నట్లు. ఆయన వెన్న వేసిన ఉప్పు టీ ఒక గిన్నె చేతికిచ్చి, బానెట్ తెరవకుండానే ఒక ప్రశ్న అడిగాడు.

“నోనో, ఏయే రోజులలో ఆగింది?”

నోనో అంటే తమ్ముడు. తమ్ముడు వ్రేళ్లు మడిచి లెక్కపెట్టాడు. సోమవారం, దానికి ముందు ఆదివారం సెలవు. లోసార్ పండుగ మరునాడు. జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్న తర్వాత. మాహేలో రెండు రోజులు నిలిచాక.

“రోజూ తిరిగినప్పుడు?”

“ఎప్పుడూ ఆగలేదు, అజాంగ్‌లే.”

“చలి రోజూ ఉన్నది కదా!” అన్నాడు వృద్ధుడు.

తర్వాత జరిగిన పరీక్ష గంటన్నర సేపు పట్టింది. మొదట టెర్మినళ్లు విప్పి, తెల్లగా పేరుకున్న బూజును వంటసోడా కలిపిన వేడినీటితో కడిగాడు. చాలా బండ్ల రోగం ఇక్కడే కుదురుతుంది. ఎర్త్ వైరు బిగువు చూశాడు. బ్యాటరీని గదిలోని వెచ్చదనానికి తెచ్చి, ఆరు మూతలూ తీసి, గాజుగొట్టంతో ఒక్కొక్క గదిలోని ఆమ్లం సాంద్రత కొలిచాడు. నిండు బ్యాటరీలో అది 1.265 ఉండాలి. ఇందులో ఆరు గదులూ 1.150 దగ్గరే ఉన్నాయి. ఒక్క గది మాత్రమే తక్కువ చూపితే లోపం బ్యాటరీది. అన్నీ సమానంగా తక్కువైతే సంగతి వేరు.

“ఆరుగురు పిల్లలూ ఒకేలా ఆకలితో ఉంటే జబ్బు పిల్లలది కాదు. వంట జరగడం లేదు, లేదా వండినది ఎవరో దొంగిలిస్తున్నారు.”

వంట సంగతి తేల్చడం సులభం. బ్యాటరీని ఛార్జి చేసి బిగించి, ఇంజను నడుస్తుండగా మీటరు పెడితే 14.2 వోల్టులు చూపింది. హెడ్‌లైట్లు, హీటరు వేసినా 13.9కి తగ్గలేదు. మన మెకానిక్కులు ఇంకా డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు నిర్దోషి అని తేలింది. మిగిలింది దొంగ.

ఇంజను ఆపి, తాళంచెవి తీసి, తలుపులన్నీ మూసి, నెగెటివ్ తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ నడుమ అమ్మీటరు కలిపాడు. ఇలా మీటరు నడుమ ఉన్నప్పుడు పొరపాటున సెల్ఫ్ కొడితే మీటరు మాడిపోతుంది. అందుచేత తాళంచెవి ఆయన తన జేబులో వేసుకున్నాడు. ఈనాటి బండ్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు నిద్రపోవడానికి కొంత సమయం పడుతుంది కనుక అరగంట ఆగాడు. గడియారం, అలారం వగైరాలకు 0.05 ఆంపియరు వరకు పోవడం సహజం. మీటరు 0.85 చూపుతున్నది!

ఇక ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకడం మొదలైంది. నాలుగవది, అయిదవది... ఏమార్పూ లేదు. క్యాబిను దీపపు ఫ్యూజు పీకగానే ముల్లు సున్నా దగ్గరకు పడిపోయింది. కాని క్యాబిను దీపం ఆరిపోయే ఉన్నది.

“ఈ తీగ నుండి ఇంకేదైనా కలిపించావా?”

అప్పుడు గుర్తుకు వచ్చింది. అక్టోబరులో వెనుక తొట్టికి రేకుల గది కట్టించాడు. చీకటిలో సరుకు దించుకోవడానికి వీలుగా లోపల రెండు చిన్న బల్బులు పెట్టించాడు. తలుపు తెరిస్తే వెలుగుతాయి, మూస్తే తలుపు అంచు మీటను నొక్కి ఆర్పుతుంది.

“మరి ఆరుతున్నాయి కదా?” అన్నాడు యువకుడు.

“మూసిన గదిలోకి ఎవరు చూశారు?”

వృద్ధుడు ఫ్యూజు తిరిగి పెట్టి, మరొక గిన్నె టీ తాగి, వెనక్కి వెళ్లి తలుపు తెరిచాడు. దీపాలు వెలుగుతున్నాయి. అది వెలగవలసిన సమయమే గనుక అందులో విశేషమేమీ లేదు. ఆయన చేతి తొడుగు తీసి, బల్బు గాజును వ్రేలితో తాకి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. యువకుని కూడా తాకమన్నాడు. బయట మైనస్ 8 డిగ్రీలు. ఆ క్షణమే వెలిగిన బల్బు అంత వేడిగా ఉండదు.

మీట లోపల దుమ్ము, మంచుతడి చేరి బిగుసుకుపోయింది. బల్బులు ఒక్కొక్కటి 5 వాట్లు. రెండూ కలిసి గంటకు 0.8 ఆంపియరు-గంటలకు పైగా తింటున్నాయి. ఒక్క రాత్రిలో పోయేది పన్నెండు. మరునాటి 150 కిలోమీటర్ల ప్రయాణంలో అది తిరిగి నిండుతుంది. ఎవరికీ తెలియదు. శనివారం సాయంత్రం నుండి సోమవారం ఉదయం దాకా నిలిస్తే పోయేది ముప్పై. ఆ చలిలో 75 ఆంపియరు-గంటల బ్యాటరీకి అంత నష్టం చాలు. మాహేలో నిలిచిన రెండు పగళ్లు, మూడు రాత్రులు ఆ రేకుల గది, బంగాళాదుంపల ఖాళీ సంచుల నడుమ, పెళ్లిమండపంలా వెలుగుతూనే ఉన్నది.

మీట ఖరీదు నూరు రూపాయలకు లోపే. వృద్ధుడు మీట మార్చి, ఆ రెండు బల్బులకు బదులు చిన్న ఎల్.ఇ.డి. దీపాలు పెట్టి, తీగను విడి ఫ్యూజుకు మార్చాడు. చీలిన పాత బ్యాటరీని మాత్రం సీసం ధరకు తానే తీసుకుంటానన్నాడు.

ఆ సాయంత్రం యువకుడు మరలా మాహేకు సరుకు ఎక్కించాడు. ఆస్పత్రి ముందు ఆగి, వృద్ధురాలి కొడుకుకు కావలసిన దుప్పట్లు ఇచ్చి, తలుపు మూసే ముందు ఫోనును వీడియో తీసేలా అమర్చి రేకుల గదిలో పెట్టాడు. నిమిషం తర్వాత తీసి చూస్తే తెర అంతా నల్లగా ఉన్నది.